మూతలో మెత్త

నాణేలు దాచుకోవడానికి ఏ గొట్టం కొనాలని మీరు నన్ను అడుగుతారు. అడిగి, నేను చెప్పేదంతా విని, చివరికి మీకు నచ్చిందే కొంటారు. రిటైరయ్యాక నేను చేరిన గంగాలిన్‌లో లైట్ రైల్ దిగి శనివారం మధ్యాహ్నం మా ఇంటికి వచ్చే కుర్రవాళ్ళందరిదీ ఇదే వరస. చేతిలో ఫోను, ఫోనులో గొట్టం బొమ్మ, బొమ్మ కింద బంగారు రంగులో 'ఆర్కైవల్ క్వాలిటీ' అన్న అక్షరాలు. "అంకుల్, ఇది ఓకే కదా? రివ్యూస్ బావున్నాయ్" అంటారు. రివ్యూ రాసేవాడు గొట్టం చేతికి వచ్చిన రోజునే రాసేస్తాడు. నాణెం తన రివ్యూ రాయడానికి రెండు వేసవులు తీసుకుంటుంది.

ఏళ్ళ తరబడి చెడకుండా దాస్తుందని చెప్పే ఆర్కైవల్ అన్న మాటను డబ్బా మీద అచ్చు వేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మా ఊళ్ళో సోడాబండి అతను కూడా బండి మీద 'రాయల్' అని రాయించుకున్నాడు. అతని మీద నాకు కోపం లేదు, సోడా బాగుండేది. ఇలాంటి ఒక మాటను నమ్మి, కాపాడతానని మాట ఇచ్చిన నాణేలను నేనే పాడు చేశాను. పద్దెనిమిదేళ్ళ ఉద్యోగంలో మరచిపోవాలనుకునేవి చాలా ఉన్నాయి, వాటిలో ఎక్కువ భాగం మీటింగులు. ఇది మాత్రం మరచిపోకూడదని రాస్తున్నాను. గొట్టాలు కొనేవాళ్ళు చదివితే మంచిదే. చదవకపోయినా నేను ఆశ్చర్యపోను.

మెల్బోర్న్‌కు ఉత్తరాన, క్రెయిగీబర్న్ దాటాక, బయటినుంచి చూస్తే పరుపుల గోడౌన్ అనిపించే రేకుల షెడ్డు ఒకటుంది. ఒక మ్యూజియం తన గదుల్లో చోటు చాలని వస్తువులను అందులో దాచేది. నేను అక్కడ స్టోరేజ్ ఆఫీసర్ని. ఏ వస్తువు ఏ పెట్టెలో, ఏ కాగితంలో, ఏ ప్లాస్టిక్‌లో ఉండాలో తేల్చడం నా పని. రసాయనశాస్త్రం చదివి, ఇండియాలో రంగుల ఫ్యాక్టరీ ల్యాబులో పదేళ్ళు పనిచేసి వచ్చినవాడికి ఈ దేశం ఇచ్చిన పదవి అది. నా పైన ఒక మేనేజరు. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నది. ఎవరేం చెప్పినా 'ఐ హియర్ యూ' అనేది. ఆ ముక్క అనేశాక ఇంక వినక్కర్లేదని ఆవిడ నమ్మకం.

అక్కడ డైరెక్టరు నుంచి క్లీనరు దాకా అందరూ ఒకరినొకరు పేరు పెట్టి పిలుచుకునేవారు. నా పేరు వాళ్ళ నోటికి పొడవైంది కనుక సగం కోసేసి మిగిలిన సగాన్ని వాడుకున్నారు. మా తాతగారి ప్రస్తావన తేవలసి వస్తే ఊళ్ళోవాళ్ళు 'దివాణం వారు' అనేవారే తప్ప పేరు పలికేవారు కాదు. మనవడి పేరుకు పట్టిన గతి ఆయన చూడలేదు. అదృష్టవంతుడు.

మా కుటుంబం గురించి నాలుగు ముక్కలు చెప్పక తప్పదు, తర్వాత జరిగిన తప్పుకు వేరు అక్కడే ఉంది. తాతగారు నాణేలు సేకరించేవారు. వాటికోసం రోజ్‌వుడ్ పెట్టె చేయించారు. సొరుగుల నిండా గుండ్రటి గుంటలు, ప్రతి గుంటలో ఎర్ర ఉన్నిబట్టతో కుట్టిన చిన్న దిండు. మనుషులకు చాపలు లేని రోజుల్లో నాణేనికి దిండు! భూములు ఒక్కొక్కటే పోతున్నప్పుడు ఆ దిండ్ల మీద వెండి రూపాయలు నల్లబడటం మొదలుపెట్టాయి. మా నాయనమ్మ చూసి, ఇంటి లక్ష్మి మొహం తిప్పుకుంది అంది. ఇంటిల్లిపాదీ నమ్మారు. ఆ నమ్మకంతోనే మా నాన్నగారూ పెదనాన్నగారూ నల్లబడ్డ వెండినంతా తూకానికి ఇచ్చేశారు. నా వాటాకు ఖాళీ పెట్టె వచ్చింది. దాన్ని ఆస్ట్రేలియా దాకా మోసుకొచ్చాను.

షెడ్డులో చేరిన మొదటి నెలలోనే ఒక ట్రైనింగులో చెప్పారు: ఉన్నిలో గంధకం ఉంటుంది, పక్కనే వెండి ఉంటే దాన్ని నల్లగా మారుస్తుంది. అంటే లక్ష్మి మొహం ఎటూ తిప్పుకోలేదు. దిండు తన పని తాను చేసుకుపోయింది. ఒక వంశం తన పతనాన్ని బట్టముక్కలో చదువుకుని కూర్చుంది. ఆ క్లాసులో నేనొక్కణ్ణే నవ్వాను, ఎందుకో ఎవరికీ చెప్పలేదు. ఇంత తెలిసినవాడు దిండు కనబడితే పది అడుగులు దూరంగా ఉండాలి. నేను ఉండలేదు.

ఇక నాణేల సంగతి. తెచ్చినావిడకు తొంభై ఏళ్ళు ఉంటాయి. భర్త ట్రామ్ కండక్టరు. ఈ దేశంలో డెసిమల్ డబ్బు రాకముందు, పెన్నీలు నడిచే రోజుల్లో, బ్యాంకుకు కొత్త పెన్నీలు వచ్చిన వారమే వెళ్ళి ఎవరి చెయ్యీ పడనివి తెచ్చుకునేవాడట. రోజంతా అరిగిన పెన్నీలు లెక్కపెట్టే మనిషికి అరగని పెన్నీ మీద మోజు. కంచు నాణెం టంకశాల నుంచి వచ్చినప్పుడు ఎర్రగా, అప్పుడే తోమిన రాగిచెంబులా ఉంటుంది. గాలి తగిలి, వేలు తగిలి, గోధుమరంగుకు తిరుగుతుంది. ఒకసారి తిరిగాక ఆ ఎరుపు మళ్ళీ రాదు. చింతపండు పెట్టి తోమితే మెరుపు వస్తుంది, ఎరుపు రాదు. ఇది రాసిపెట్టుకోండి, మీలో సగంమంది ఇప్పటికే తోమేసి ఉంటారు. ఆయన బతికినంతకాలం ఆ ఎరుపును కాపాడుకున్నాడు. పల్చటి కాగితంలో చుట్టి, బిస్కెట్ల రేకుడబ్బాలో పెట్టి, పొడిగా ఉండే అలమారలో ఉంచాడట. బిస్కెట్ల డబ్బా అని విని నేను ముక్కు ఎగరేశాను.

"ఆయన వెళ్ళిపోయాడు. ఆ ఎరుపు వెళ్ళిపోకూడదు. చూసుకుంటావా?" అని ఆవిడ అడిగింది. మేనేజరు వైపు కాదు, నా వైపు చూసి అడిగింది.

"మాట ఇస్తున్నాను" అన్నాను.

మేనేజరు కంగారుపడి, "మేం మా బెస్ట్ చేస్తాం" అని సవరించబోయింది. సవరించనివ్వలేదు. మాట ఇస్తున్నానని రెండోసారి అన్నాను. మా ఇంట్లో అమ్ముడుపోకుండా మిగిలింది అదొక్కటే, ఇచ్చిన మాట.

అరవై గొట్టాలకు సరిపడా నాణేలు. రెండు రకాల నమూనాలు తెప్పించాను. మొదటిది పాలరంగు గొట్టం. మసకగా, వేలితో నొక్కితే లొంగేలా, మరమూతతో, మందుల షాపులో మాత్రలు పోసిచ్చే డబ్బాలా ఉంది. రెండోది అద్దంలా ఉంది, గట్టిది. నాణేలు అటూ ఇటూ కదిలి గీతలు పడకుండా మూత లోపల ఒక పారదర్శకమైన మెత్తని బిళ్ళ, అడుగున ఇంకొకటి. దాంతోపాటు వచ్చిన కాగితంలో 'మ్యూజియం గ్రేడ్' అని ఉంది. మూత తిప్పి ఆ బిళ్ళను చూశాను. తాతగారి సొరుగు తెరిచినట్టు అనిపించింది. చెయ్యి అక్కడే నిర్ణయం తీసేసుకుంది. బుద్ధి తర్వాత వెళ్ళి కారణాలు ఏరుకొచ్చింది.

పరీక్ష చేయలేదని అనుకోకండి. అందరినీ పిలిచి మరీ చేశాను. పీవీసీ అనే ప్లాస్టిక్ నాణేలకు శత్రువు. దాన్ని మెత్తబరచడానికి కలిపిన నూనెలాంటి పదార్థం కాలం గడిచేకొద్దీ బయటికి ఊరుతుంది, దాంతోపాటు ఆమ్లం వస్తుంది, నాణెం మీద పచ్చటి జిగురు కడుతుంది. దాన్ని పట్టుకోవడం సులువు. రాగి తీగను మంటలో ఎర్రగా కాల్చి, ప్లాస్టిక్‌కు తాకించి, మళ్ళీ మంటలో పెట్టాలి. మంట ఆకుపచ్చగా మారితే అది పీవీసీ. నేను తీగను గొట్టం గోడకు తాకించాను. మంట పసుపుగా, మసితో వచ్చింది. "చూశారా" అన్నాను. మేనేజరు 'ఐ హియర్ యూ' అంది. కంటితో చూడాల్సిన పరీక్షను కూడా ఆవిడ చెవితోనే చూసింది.

ఆ నాణేలు సర్దడానికి మూడు నెలల కాంట్రాక్టు మీద ఒక ప్యాకరును పెట్టుకున్నారు. తెలుగమ్మాయి, ముప్పై దాటి ఉంటాయి, కరీంనగర్ వైపు. భర్తకు ఐటీ ఉద్యోగం, వీసా మీద వచ్చారు, వెర్రిబీలో కాపురం. నగరానికి ఆ చివర వెర్రిబీ, ఈ చివర మా షెడ్డు. రోజూ గంటకు పైగా కారు నడుపుకుంటూ వచ్చేది.

"నమస్తే అంకుల్! ఈడ తెలుగోళ్ళు ఉన్నరని తెల్వదు, మస్తు ఖుషీ అయింది" అంది మొదటి రోజు.

"ఆఫీసులో అంకుల్ అనకమ్మా. సార్ అను."

"ఈడ అందరు పేరు వెట్టే పిలుస్తున్నరు గద?"

"వాళ్ళ సంగతి వేరు."

"సరే సార్" అంది, నవ్వు దాచుకోకుండా. పద్దెనిమిదేళ్ళలో ఆ షెడ్డులో నన్ను సార్ అన్న మనిషి ఆ అమ్మాయి ఒక్కతే. అందుకు నేను తిరిగి ఇచ్చిన మర్యాద ఏమిటో చెబుతాను.

నా మంట పరీక్ష అయ్యాక అందరూ వెళ్ళిపోయారు. ఆ అమ్మాయి మూత తీసి, లోపలి బిళ్ళను గోటితో పైకి లేపి వాసన చూసింది.

"సార్, గొట్టం మంచిదే. మూతల గీ మెత్త ఏంది?"

"మెత్త కాదు. దిండు. తెలుగు సరిగ్గా మాట్లాడు." వాళ్ళ వైపు దిండును మెత్త అంటారని నాకు తెలుసు. తెలిసే దిద్దాను.

"ఏదో ఒకటి సార్. వాసన చూడుండ్రి జర. కొత్త ప్లాస్టిక్ షవర్ కర్టెన్ లెక్క కొడుతున్నది. ఆ తీగ దీనికి గూడ తాకియ్యరాదు?"

"ఒక్క బిళ్ళ కోసం మళ్ళీ మంట వెలిగించనా? గొట్టం కింద 'మ్యూజియం గ్రేడ్' కాగితం ఉంది, చదువు."

"కాగితం వాళ్ళే రాసుకున్నరు గద సార్. మా అమ్మది పచ్చళ్ళ దందా. అమెరికకు, ఈడికి, అన్ని దిక్కులకు పంపుతది. డబ్బా కొనే ముంగట అడుగు తిప్పి ప్లాస్టిక్ రకం నంబర్ చూస్తది. అయిదుంటె తీస్కుంటది, మూడుంటె వాపస్. ఒకపారి గాజు సీసలు తెచ్చింది. మస్తుండె. మూతల లోపట ఇట్లనే మెత్తటి రింగు. నూనె తాకి అది జిడ్డు కక్కింది సార్. పచ్చడంత ఖరాబ్. సీస మంచిదే. మూతనే దొంగది."

నేనన్న మాట అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఇవి పెన్నీలమ్మా. ఆవకాయ కాదు."

చుట్టుపక్కల తెలుగు వచ్చినవాళ్ళు లేరు కనుక ఆ హాస్యానికి నేనొక్కణ్ణే నవ్వుకున్నాను. ఆ అమ్మాయి నవ్వలేదు. బిళ్ళను మూతలో పెట్టి, గొట్టాన్ని బల్లమీద చాలా జాగ్రత్తగా ఉంచింది.

వారం తిరిగాక చెత్తబుట్టలో ఆ బిళ్ళలు కనిపించాయి. దోసెడు ఉన్నాయి. సర్దిన గొట్టం ఒకటి తెరిచాను. బిళ్ళ స్థానంలో మేం వాడే తెల్లటి పల్చటి కాగితం, ఆమ్లం లేనిది, చక్కగా మడిచి ఉంది.

"ఇదేమిటి?"

"కాగితం సార్. మనదే. కదలవు, చూడుండ్రి." గొట్టాన్ని చెవి దగ్గర ఊపి చూపించింది. నిజంగానే చప్పుడు రాలేదు.

"నిన్ను ఎవరు తీయమన్నారు?"

"ఎవలు అనలే. ఆ అమ్మమ్మ పాపం, గంత నమ్మి ఇచ్చింది సార్ మనకు..."

"మాట ఇచ్చింది నేను. నువ్వు కాదు. అన్నీ తెరిచి మళ్ళీ పెట్టు."

ఇరవై రెండు గొట్టాలు. ఆ అమ్మాయి ఒక్కొక్కటే తెరిచి, కాగితం తీసి, బిళ్ళ పెట్టింది. నేను ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని, కాలు మీద కాలు వేసుకుని, మొత్తం చూశాను. మధ్యలో ఒక్కసారి ఫోను వస్తే లేచి వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి ఆ అమ్మాయి ఒక గొట్టానికి మూత బిగిస్తోంది. ఆ సాయంత్రం ఫైల్లో ఒక వాక్యం రాశాను, నిర్ణీత పద్ధతికి బదులు సొంత తీర్పును వాడుతోందని. మేనేజరుకు ఆ వాక్యం ఎంత నచ్చిందంటే, కాంట్రాక్టు పొడిగించకపోవడానికి అదొక్కటే కారణంగా వాడుకుంది. బడ్జెట్ లేదని చెప్పడం కంటే సులువు కదా.

వెళ్ళిపోయే రోజు ఆ అమ్మాయి నా బల్ల దగ్గరికి వచ్చింది. "పోయొస్త సార్. గొట్టాలు అప్పుడప్పుడు తెరిచి చూస్తుండుండ్రి."

"పద్ధతిలో ఉంది" అన్నాను.

నిజంగానే పద్ధతిలో ఉంది. ఆరు నెలలకోసారి ప్రతి గొట్టాన్నీ పరీక్షించి సంతకం చేయాలి. సంతకాలన్నీ నావే. పరీక్షంటే, షెల్ఫు ముందు నిలబడి చూసేవాణ్ణి. గొట్టం అద్దంలా ఉన్నప్పుడు తెరవడం దేనికి? బయటికి కనబడేది నాణేల అంచులే. జిగురు కట్టేది ఒకదానికొకటి అతుక్కుని ఉన్న మొహాల మీద. మసక గొట్టమైతే కనబడదని తెరిచి చూసేవాణ్ణి. అద్దంలాంటి గొట్టం నన్ను బద్ధకస్తుణ్ణి చేసింది. ఇది కూడా రాసిపెట్టుకోండి.

రెండో వేసవిలో షెడ్డు ఏసీ రెండు వారాలు పనిచేయలేదు. మేనేజరు దానిమీద ఒక ఈమెయిలు పంపింది. తర్వాత ఆ ఈమెయిలు గురించి ఇంకొకటి పంపింది. రేకుల కింద వేడి మాత్రం ఎవరికీ ఏ ఈమెయిలూ పంపకుండా తన పని చేసింది.

వేసవి చివర్లో నాణేలు ఇచ్చిన పెద్దావిడ వాటిని చూడటానికి వస్తానని కబురు పెట్టింది. నడక బండి తోసుకుంటూ వచ్చింది. మేనేజరు లామింగ్టన్ కేకులు తెప్పించింది. బల్లమీద తెల్లటి గుడ్డ పరిచి, చేతులకు గ్లవ్స్ వేసుకుని, మొదటి గొట్టం తెచ్చాను. మూత తిప్పగానే వాసన వచ్చింది. కొత్త షవర్ కర్టెన్ వాసన. గొట్టాన్ని వంచితే నాణేలు జారలేదు. ఒక ముద్దగా, కాస్త ఆగి, కదిలాయి. పై నాణెం మీద పచ్చటి జిగురు. దాని కింద ఉన్నదాని మీద కూడా. వేలితో తీస్తే సాగింది.

రెండోది తెరిచాను. మూడోది తెరిచాను. నాలుగో దానికి నా చెయ్యి ఆగిపోయింది.

మేనేజరు గొంతు సవరించుకుని, "లోహాలకు సహజంగా వయసు వస్తుంది కదా..." అని మొదలుపెట్టింది.

"వయసు గురించి నాకు చెప్పకు తల్లీ" అంది ఆవిడ. తర్వాత నా వైపు తిరిగింది. "బిస్కెట్ల డబ్బాలో వీటికి ఏమీ కాలేదే."

నేను తల వంచుకున్నాను. మా వంశంలో అలా తలవంచుకుని నిలబడ్డ మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు, ఎందుకంటే మావాళ్ళు తప్పు చేసినప్పుడల్లా ఎదుటివాణ్ణి నిలబెట్టేవారు.

"ఇంక చాలు. మా పెళ్ళి జరిగిన ఏడాదివి మాత్రం చూపించు. అవి పోయినా సరే, చూసి వెళతాను" అందావిడ.

షెల్ఫు దాకా ఇరవై అడుగులు. అంత పొడవైన గది నేనెప్పుడూ నడవలేదు. గొట్టం తెచ్చి బల్లమీద పెట్టి మూత తిప్పాను. వాసన రాలేదు. మూతలో బిళ్ళ లేదు, అడుగునా లేదు. మడిచిన తెల్ల కాగితం ఉంది. దాన్ని తీసి గొట్టాన్ని వంచాను. పెన్నీలు ఒక్కొక్కటే గలగలమని గుడ్డ మీదికి జారాయి. ఎర్రగా ఉన్నాయి. బ్యాంకు నుంచి ఇప్పుడే తెచ్చినట్టు, ఒక్క మచ్చ లేకుండా.

ఆవిడ చేత్తో నోరు మూసుకుంది. నేను కాగితం మడత విప్పాను. పెన్సిలుతో రాసి ఉంది. నాణేల దగ్గర సిరా వాడకూడదన్న నియమాన్ని ఆ ధిక్కారంలో కూడా మీరలేదు. తెలుగు అక్షరాలు, గుండ్రంగా, బడిపిల్ల దస్తూరీ:

'సార్, గీ ఒక్కదాంట్ల మెత్త పెట్టలే. లిస్టుల చూసిన, ఇది అమ్మమ్మ పెండ్లి సంవత్సరం. నాది తప్పైతె తిట్టుండ్రి. కాకుంటె మిగిలినయి గూడ తీసెయ్యుండ్రి.'

నేను ఫోనుకు లేచి వెళ్ళినప్పుడు బిగించిన మూత అది. ఆ కాగితం నాకోసం రెండేళ్ళు ఎదురుచూసింది. మొదటి ఆరు నెలలకు నేను సంతకం పెట్టే ముందు ఆ ఒక్క మూత తిప్పి ఉంటే, తక్కువలో తక్కువ సగం నాణేలు బతికి ఉండేవి.

"ఏముంది అందులో? ఇది హిందీనా?" అంది మేనేజరు.

ఆ భవనంలో ఆ అక్షరాలు చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఏం చెప్పినా అదే నిజమవుతుంది. "ప్యాకింగ్ నోట్" అన్నాను. ఆ అబద్ధం నా నోట్లోంచి ఎంత సునాయాసంగా వచ్చిందో ఇప్పటికీ ఆశ్చర్యమే.

పెద్దావిడ కాగితం వైపు, నా మొహం వైపు చూసింది. "ప్యాకింగ్ నోట్ చదివి మొహం అలా పెట్టుకునేవాణ్ణి నేను చూడలేదు" అంది.

అప్పుడు చదివాను. వాక్యం వాక్యం ఇంగ్లీషులో చెప్పాను. మెత్త అన్న దగ్గర పిల్లో అన్నాను. అమ్మమ్మ అన్న దగ్గర, "గ్రాండ్‌మదర్, అంటే మీరు" అన్నాను. తర్వాత మిగిలింది కూడా చెప్పాను. బిళ్ళలు తీసేస్తే నేను తిట్టి మళ్ళీ పెట్టించానని, కుర్చీ వేసుకుని కూర్చుని పెట్టించానని, గొట్టాలు తెరవకుండానే సంతకాలు చేశానని.

"ఆ అమ్మాయి ఎక్కడ?"

"లేదు. నేను రాసిన ఒక వాక్యం వల్ల వెళ్ళిపోయింది."

ఆవిడ ఎర్ర పెన్నీలను ఒక్కొక్కటే గొట్టంలోకి వేయించింది. కాగితం మళ్ళీ మడిచి పైన పెట్టించింది. లేచి నడక బండి పట్టుకుని అంది, "మా ఆయన ఉంటే ఆ అమ్మాయిని పనిలో పెట్టుకునేవాడు. నిన్ను తర్వాతి స్టాపులో దించేసేవాడు."

లామింగ్టన్ల జోలికి ఎవరూ పోలేదు.

మర్నాడు రాగి తీగ కాల్చి బిళ్ళకు తాకించాను. మంట ఆకుపచ్చగా, పండగలా లేచింది. నాణేలన్నిటినీ ఎసిటోన్‌లో కడిగాం. జిగురు పోయింది. దాని కింద ఎరుపు కూడా పోయి ఉంది. చిత్తడి రోజున గోడ మీద మిగిలే మరకల్లాంటి రంగు మిగిలింది. మేనేజరు రిపోర్టు రాసింది. 'స్టోరేజ్ మెటీరియల్ వల్ల కొంత ప్రభావం గమనించబడింది' అని. ఎవరు ఎంచుకున్నారో, ఎవరు వద్దన్నారో లేకుండా ఒక తప్పు తనంతట తానే నడుచుకుంటూ షెడ్డులోకి వచ్చినట్టుంది ఆ వాక్యం. నేను దాన్ని కొట్టేసి, 'నేను' అన్న మాటతో మొదలయ్యే వాక్యం రాశాను. ఆవిడ తీసేసింది. మళ్ళీ రాశాను. ప్యాకరు ముందే హెచ్చరించిందన్న వాక్యం కూడా చేర్చాను. మూడోసారికి ఆవిడ 'ఐ హియర్ యూ' అంది, ఈసారి నిజంగానే వినబడినట్టుంది, ఉంచేసింది.

ఇంటికి వెళ్ళి తాతగారి పెట్టెలో ఎర్ర దిండ్లన్నీ పీకేశాను. మా అమ్మాయి చూసి, "నాన్నా, ఇట్స్ యాంటీక్! వై ఆర్ యూ రూయినింగ్ ఇట్?" అంది. పాడు చేయడం కాదు, ఆలస్యంగా బాగు చేస్తున్నానని చెప్పాను. తనకు అర్థం కాలేదు. వివరించే ఓపిక నాకు లేదు.

కనుక మీ గొట్టాల సంగతి. పాలరంగువి కొనండి, అడుగున త్రికోణంలో అయిదో రెండో ఉందేమో చూసి; మూడంటే పీవీసీ. అద్దంలా గట్టిగా ఉన్నవి కూడా మంచివే ఉంటాయి, మూతలో ఏమీ లేకపోతే. నాణెం కొలతకు సరిపోయే గొట్టం కొంటే కదలదు, దానికి పరుపులు అక్కర్లేదు. కాగితం ముక్క చాలు. ఏడాదికి రెండుసార్లు తెరవండి. తెరవకుండా సంతకం పెట్టే అలవాటున్నవాళ్ళు నాణేలు కాక స్టాంపులు కూడా సేకరించకండి, వాటినీ చంపుతారు.

రిటైరయ్యే ముందు వారం వెర్రిబీ వెళ్ళాను. ఆ అమ్మాయి ఒక మందుల గోడౌన్‌లో సూపర్‌వైజరుగా చేస్తోందని తెలిసింది. తలుపు తీసి ఒక్క క్షణం గుర్తుపట్టనట్టు చూసి, "సార్! తిట్టనీకి వచ్చిన్రా?" అంది.

దారంతా ఇంగ్లీషులో ఒక మంచి వాక్యం తయారుచేసుకుని వెళ్ళాను. అది రాలేదు. "నీ కాగితం చూశాను. ఆలస్యంగా చూశాను. ఆ మెత్త సంగతి నువ్వు చెప్పిందే నిజం" అన్నాను.

ఏ మాట వాడానో ఆ అమ్మాయి కనిపెట్టింది. తలుపు ఇంకాస్త తెరిచింది. తర్వాత, "అమ్మమ్మవి ఎర్రగున్నయా?" అని అడిగింది.

"అవొక్కటే ఉన్నాయి."

"అయ్యో" అంది. మిగతావాటి కోసం. ఆ షెడ్డులో వాటికోసం ఎవరూ అనని మాట అది. "లోపటికి రాండ్రి సార్."

"సార్ వద్దమ్మా."

"మరేమనాలె?"

"అంకుల్ అను" అన్నాను.

టీ ఇచ్చింది. వెళ్ళేటప్పుడు వాళ్ళ అమ్మ పంపిన మామిడికాయ పచ్చడి డబ్బా ఒకటి చేతిలో పెట్టింది. చేతికి రాగానే, అలవాటు కాని పనైనా, దాన్ని తలకిందులు చేసి అడుగు చూశాను. ఆ అమ్మాయి పకపకా నవ్వింది. "అయిదే అంకుల్, అయిదే. నమ్ముండ్రి జర."

నమ్మాను. అయినా ఆ గుమ్మంలోనే మూత తీసి, లోపల కూడా చూశాను.